అల్లుడుగారి కారు అద్దం

అన్నపూర్ణ టీచరు చెయ్యి బరువు. కొత్తగూడెం హైస్కూల్లో ఆ చెయ్యి కింద ఎన్ని చెంపలు వాచాయో ఆవిడకే గుర్తులేదు. ఆవిడ అక్కడ డ్రిల్లు టీచరు. నడుం దగ్గర బిగించి దోపిన కొంగు, కాళ్ళకి తెల్ల కాన్వాస్ బూట్లు, మెడలో విజిలు. భర్త పోయాక, ఉద్యోగం కూడా అయిపోయాక, అమెరికాలో అరిజోనా ఎడారి ఊరు చాండ్లర్‌లో కూతురు భావన దగ్గరికి వచ్చింది. వచ్చేటప్పుడు పచ్చళ్ళతో పాటు ఆ విజిలు కూడా సూట్‌కేసులో పెట్టుకొచ్చింది. భావన వాళ్ళది మా పక్కిల్లు. టీచరుకి డ్రైవింగ్ రాదు కనుక ఎక్కడికి వెళ్ళాలన్నా నా కారే ఎక్కేది. నా మీద ఒక్కసారీ చెయ్యి ఎత్తలేదు. అయినా ఆవిడ పక్క సీట్లో ఉంటే నేను స్పీడ్ లిమిట్ దాటేదాన్ని కాదు.

మొదట్లో ఆవిడంటే నాకు పడేది కాదు. ఇక్కడికొచ్చి మనందరం మెత్తగా మాట్లాడటం నేర్చుకున్నాం. పార్కులో ఎవరి పిల్లాడో జారుడుబల్ల పైనుంచి తలకిందులుగా వేలాడుతుంటే మనం వాళ్ళమ్మ వైపు చూసి నవ్వుతాం. అన్నపూర్ణ టీచరు నవ్వదు. వాడి రెక్క పట్టుకుని కిందికి ఈడుస్తుంది, ఆ తర్వాత వాళ్ళమ్మ పని పడుతుంది. స్విమ్మింగ్ పూల్ గేటు తీసి వదిలేసిన ఒక పెద్దమనిషిని పదిమంది ముందు చొక్కా పట్టుకుని గేటు దాకా లాక్కెళ్ళి, గొళ్ళెం ఆయన చేతే పెట్టించింది. పసిపిల్లలున్న చోట నీళ్ళ గేటు తీసిపెట్టినవాడు హంతకుడితో సమానమని ఆయన మొహం మీదే అంది. భావన తల పట్టుకునేది. ఇక్కడ మనిషి మీద చెయ్యి పడితే పోలీసులొస్తారని, వీసా మీదికొస్తుందని తల్లికి నచ్చజెప్పేది. వస్తే వాళ్ళక్కూడా చెబుతానని తల్లి జవాబు.

ఆవిడ పేరు అందరి నోళ్ళలో పడింది రవిశంకర్ వాళ్ళ గృహప్రవేశంలో. కొత్త ఇల్లు, వంటింటి నిండా ఆడవాళ్ళు, పొయ్యి మీద మూకుడు నిండా నూనె, పునుగులు. పైన కప్పుకి పొగ అలారం ఉంది. దానికి హోటల్ నుంచి తెచ్చిన షవర్ క్యాప్ తొడిగి ఉంది. మన ఇళ్ళలో ఇదేం వింత కాదు. పోపు వేసినప్పుడల్లా ఆ అలారం చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది, అందుకని దాని నోరు మూసేస్తాం. మా ఇంట్లో కూడా మూసే ఉండేది.

రవిశంకర్ భార్య అదితి ఫొటో కోసం హాల్లోకి వెళ్ళింది. మూకుడులో నూనె భగ్గుమంది. మంట చిమ్నీ దాకా లేచింది. అలారం మూగగా ఉంది. రవిశంకర్ సింకులో ఉన్న గిన్నె నిండా నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆ నీళ్ళు గనక ఆ నూనెలో పడి ఉంటే ఆ వంటింట్లో ఉన్న మా అందరి మొహాలూ ఈ రోజు వేరేగా ఉండేవి. అన్నపూర్ణ టీచరు ఆయన్ని మాటలతో ఆపలేదు. మోచేత్తో రొమ్ము మీద ఒక్క పోటు పొడిచింది. ఆయన వెనక్కి వెళ్ళి, తెరిచి ఉన్న డిష్‌వాషర్ తలుపు మీద పడ్డాడు, తలుపు విరిగింది, గిన్నె ఎగిరి గోడకు కొట్టుకుంది. టీచరు పొయ్యి కట్టేసి, పక్కనున్న పెద్ద ఇనప పెనం తీసి మూకుడు మీద బోర్లించింది. మంట అణిగింది. ముందుకు చాచిన ఆవిడ చేతి మీద వెంట్రుకలన్నీ మాడిపోయాయి.

అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆవిడ పీల్చుకోలేదు. కుర్చీ లాగి, ఎక్కి, ఆ షవర్ క్యాప్‌ని పీకి కింద పారేసింది. అప్పుడు మొదలైంది మోత. పిల్లలు చెవులు మూసుకుని ఏడుపు. ఎవరో తువ్వాలు తీసుకుని అలారం కింద విసరబోతే చేతి మీద కొట్టి లాక్కుంది. కుర్చీ మీద నిలబడే అంది, "మీకు మంటంటే భయం లేదు. మోతంటే భయం. మొయ్యనియ్యండి. విననియ్యండి పిల్లల్ని."

రవిశంకర్‌కి పక్కటెముక చిట్లింది. ఆ రోజు నుంచి మావాళ్ళు ఆవిడకి రౌడీ టీచరు అని పేరు పెట్టుకున్నారు. నేను ఇంటికొచ్చి మా క్యాప్ తీసేశాను, ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

ఎండాకాలంలో మా పెద్దవాళ్ళంతా తెల్లవారగానే కాలువ గట్టు మీద నడిచి, పార్కులో రేకుల నీడ కింద చేరతారు. అక్కడే భీమశంకర్ గారు పరిచయం. డెబ్బై దాటిన మనిషి, పొడగరి, మాట నెమ్మది. రెంటచింతల ఆయనది. ఆంధ్రలో ఎండల పేరెత్తితే ముందు ఆ ఊరే చెబుతారు, ఆ సంగతి ఆయనకి పెద్ద గర్వం. చాండ్లర్ ఎండని ఆయన లెక్కచేసేవాడు కాదు. రోళ్ళు పగిలే ఎండల్లో మిరపకల్లాల దగ్గర నిలబడ్డవాళ్ళం, ఇదొక ఎండా అనేవాడు. కొత్తగూడెం కూడా తక్కువ ఊరేం కాదు. కానీ అన్నపూర్ణ టీచరు గొప్పలకి పోలేదు, ఆయన్ని కూర్చోబెట్టి క్లాసు పీకింది. అక్కడ చెమట కారుతుంది, ఒళ్ళు తెలుస్తుంది. ఇక్కడ చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, ఒళ్ళు ఉడుకుతున్నట్టు మనిషికే తెలీదు. పైగా బీపీకి నీరు తీసేసే మాత్ర వేసుకుంటున్న ఒంట్లో చెమట పట్టడానికి నీళ్ళేవి? చర్మం పొడిగా, వేడిగా అయి, మాట తడబడిందంటే అది వడదెబ్బే, ఇక ఊళ్ళ పేర్లు పనిచేయవని చెప్పింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

భీమశంకర్ గారు ఉంటున్నది కూతురు మీనా ఇంట్లో. అంటే అల్లుడు వేణుమాధవ్ ఇంట్లో. కొడుకింట్లో ఉండే తండ్రికీ, కూతురింట్లో ఉండే తండ్రికీ తేడా మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పిల్లనిచ్చినవాడు. పెళ్ళినాడు అల్లుడి కాళ్ళు కడిగినవాడు. ఆయన ఆ ఇంట్లో కూతురు లేకుండా ఫ్రిజ్ తెరిచేవాడు కాదు. దగ్గొస్తే పెరట్లోకి వెళ్ళి దగ్గేవాడు. వేణుమాధవ్ చెడ్డవాడని నేను అనను. చిప్ ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఎప్పుడూ చెవిలో ఇయర్‌బడ్, ఎప్పుడూ ఏదో కాల్, ఎప్పుడూ కొంచెం చిరాకు.

ఒకసారి మందుల షాపు ముందు అల్లుడు కారు లాక్ చేసుకుని లోపలికి వెళ్ళాడట. ఈయన ఉక్కపోసి లోపలినుంచి తలుపు తీశాడు. తాళం వేసిన కారు, లోపల్నుంచి తలుపు తీస్తే అలారం మోగుతుంది. మోగింది. పార్కింగ్ లాట్‌లో అందరూ తిరిగి చూశారు, నడుముకి తుపాకీ ఉన్న సెక్యూరిటీ మనిషి వచ్చి ప్రశ్నలడిగాడు, ఈయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అల్లుడు పరిగెత్తుకొచ్చి, సారీలు చెప్పి, కారెక్కాక ఒకే మాట అన్నాడట: "మామయ్యగారూ, నేను అన్‌లాక్ చేసేదాకా డోర్ టచ్ చేయకండి. ప్లీజ్." ఇదంతా ఆయన పార్కులో నవ్వుతాలుగా చెప్పాడు. మిగతావాళ్ళు కూడా నవ్వారు. అన్నపూర్ణ టీచరు మాత్రం బెంచీ మీద గుద్ది, తలుపు తీసే హక్కు కూడా లేని చోట మనిషెట్లా ఉంటాడని అడిగింది. ఆయన ఇబ్బందిపడి, అల్లుడుగారిది పెద్ద ఉద్యోగం కదమ్మా, నలుగురిలో నామోషీ అన్నాడు.

జూలైలో ఒక శనివారం. ఇండియన్ గ్రోసరీకి కరివేపాకు వచ్చిందని వాట్సాప్‌లో మెసేజ్. మిట్టమధ్యాహ్నం. నేనూ టీచరూ వెళ్ళాం. కారు దిగితే గాలి మొహానికి తగిలి కళ్ళు మండాయి, నేల మీది తారు చెప్పులకి అంటుకుంటోంది. షాపు వైపు నాలుగడుగులు వేశాక టీచరు ఆగిపోయింది. పక్క వరసలో తెల్ల కారు, అద్దాలన్నీ పైకి ఎక్కించి ఉన్నాయి, ఇంజను ఆగి ఉంది. ముందు సీట్లో భీమశంకర్ గారు బెల్టు పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద, బడిలో పిల్లాడు కూర్చున్నట్టు.

ఆవిడ అద్దం మీద అరచేత్తో కొట్టింది. ఆయన మెల్లగా తల తిప్పాడు. మొహం ఎర్రగా కాలి ఉంది, చెమట చుక్క లేదు. తలుపు తీయమని సైగ చేశాం. ఆయన చెయ్యి ఎత్తి వద్దు వద్దన్నట్టు ఊపాడు. తలుపు వైపు చూపించి, చెవి వైపు చూపించాడు. అలారం మోగుతుందని చెబుతున్నాడు. నేను అన్ని తలుపులూ లాగి చూశాను, రాలేదు. హారన్ కొట్టమని టీచరు అరిచింది, స్టీరింగు ఆయన చేతికి అందే దూరంలోనే ఉంది. ఆయన చిన్నగా నవ్వడానికి ప్రయత్నించాడు. అంతలో తల పక్కకి వాలిపోయింది.

నన్ను 911కి కాల్ చెయ్యమని చెప్పి ఆవిడ షాపులోకి పరిగెత్తింది. నేను ఫోన్‌లో అడ్రస్ చెబుతుండగానే తిరిగొచ్చింది, చేతిలో రాతి రోకలిబండ. షాపు గుమ్మం దగ్గర ఇడ్లీ పాత్రల పక్కన చిన్న రాతిరోళ్ళు అమ్మకానికి పెడతారు, దాని తాలూకుది. వెనకాల కౌంటర్‌లో అమ్మాయి మేడమ్ మేడమ్ అంటూ వస్తోంది. టీచరు ఆయనున్న వైపు కాకుండా అటు తిరిగి, డ్రైవర్ వెనక అద్దం ముందు నిలబడింది. గాజు ఆయన మీద పడకూడదని. చెయ్యి వెనక్కి తీసి, నడి అద్దం మీద బలంకొద్దీ కొట్టింది.

అద్దం పగల్లేదు. బండ వెనక్కి తన్నింది. ఆవిడ మణికట్టులో ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆవిడ నోటినుంచి బూతు వచ్చింది, ఏడుపు రాలేదు. బండని ఎడమ చేతికి మార్చి, ఈసారి అద్దం మూల చూసి కొట్టింది. అద్దం మొత్తం జల్లున రాలిపోయింది, పలుకుల్లా. లోపలినుంచి వచ్చిన వేడికి నేను వెనక్కి తగ్గాను. పొయ్యి మూత తీసినట్టుంది. ఆవిడ తల, భుజాలు లోపలికి దూర్చి వెనక తలుపు తీసింది. అప్పుడు అలారం మొదలైంది.

లోపల్నుంచే ఆయన వైపు లాక్ తీసి, అటు తిరిగొచ్చి తలుపు తెరిచి బెల్టు ఊడదీస్తుంటే భీమశంకర్ గారు కళ్ళు తెరిచాడు. ఆ కళ్ళలో ఆయన లేడు. వేడి మెదడుకెక్కితే మనిషి తిరగబడతాడని నాకు అప్పటిదాకా తెలీదు. ఆయన టీచరు మొహం మీద గుద్దాడు. మెతక మనిషి, చీమకి కూడా దారిచ్చే మనిషి, గోళ్ళతో ఆవిడ మెడ గీరాడు, విరిగిన చెయ్యి పట్టుకుని కొరికాడు. సీటు పట్టుకుని వేలాడుతూ, తీయొద్దు, అల్లుడుగారు తిడతారు, తీయొద్దు అని ముద్దముద్దగా అంటున్నాడు. ఆవిడ ఆయన చెంప మీద ఒక్కటిచ్చింది. పట్టు సడలింది. చొక్కా కాలరు పట్టుకుని ఈడ్చి, నేను కాళ్ళు పట్టుకోగా, షాపు అరుగు నీడలో పడేసింది. ముక్కునుంచి కారుతున్న రక్తం ఆయన చొక్కా మీద పడుతోంది, అది ఆవిడ రక్తం.

జనం మూగారు. తలా ఒక వైద్యం. ఒకావిడ ఉల్లిపాయ చితక్కొట్టి అరికాళ్ళకి రాయమంది. ఇంకొకాయన మజ్జిగ సీసా మూత తీసి ఆయన నోటి దగ్గర పెట్టబోయాడు. టీచరు ఆ సీసాని కాలితో తన్నింది. "తెలివి లేని మనిషి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతది. చంపుతవా? ఒంటి మీద పొయ్యి," అంది. నన్ను ఫ్రీజర్ దగ్గరికి తరిమింది. నేను చేతికందినవన్నీ తెచ్చాను, ములక్కాడల ప్యాకెట్లు, కొబ్బరి తురుము, పరాటాలు. చొక్కా చింపేసి, చంకల్లో, గజ్జల్లో, మెడ చుట్టూ అవన్నీ కూరింది. ఒళ్ళంతా నీళ్ళు కుమ్మరించి, అట్టపెట్టె చింపి ఇద్దరి చేతికిచ్చి విసరమంది. ఆయన ఒళ్ళు ఒకసారి విల్లులా వంగి, ఫిట్స్ వచ్చి కొట్టుకోవడం మొదలైంది. ఆవిడ ఆయన తల పక్కకి తిప్పి పట్టుకుంది, చేతుల్ని ఎవర్నీ అదిమి పట్టుకోనివ్వలేదు. ఎవరో తాళాల గుత్తి ఆయన చేతిలో పెట్టబోతే ఆవిడ విదిలింపుకి అది పార్కింగ్ లాట్ అవతలికి ఎగిరింది.

అలారం ఇంకా మోగుతూనే ఉంది. ఆ మోతకే వేణుమాధవ్ బయటికొచ్చాడు. ఐదు నిమిషాల్లో వస్తానని మామగారిని కూర్చోబెట్టి, లోపల చాట్ కౌంటర్ పక్కన ఫ్యాక్టరీ కాల్‌లో ఇరుక్కుపోయాడు. మోకాలి నొప్పితో మామగారు దిగనన్నారు కదా, రెంటచింతల మనిషికి ఇదేం ఎండని అనుకున్నాడట. చెవిలో ఇయర్‌బడ్ అలాగే ఉంది. అతనికి ముందు కనపడింది పగిలిన అద్దం. ఎవరు పగలగొట్టారని ఇంగ్లీషులో అరుస్తూ వచ్చి, బండ పక్కన పెట్టుకుని ఉన్న టీచరుని భుజం పట్టి తోశాడు. ఆవిడ మోకాళ్ళ మీద పడింది, చీరకి అంటుకుని వచ్చి రాలిన గాజు పలుకుల మీద. లేచింది. విరిగిన కుడి చెయ్యి ఆపుకోలేకపోయింది, పాత అలవాటు. కొట్టింది. అతని కళ్ళజోడు ఎగిరిపోయింది, పెదవి చీలింది. దెబ్బ తిన్న అతనికంటే కొట్టిన ఆవిడే గట్టిగా కేక పెట్టింది. అప్పుడతను కిందికి చూశాడు. ములక్కాడల ప్యాకెట్ల మధ్య కొట్టుకుంటున్నది ఎవరో చూశాడు. కీ తీసి అలారం ఆపాడు. తర్వాత అక్కడే కూలబడ్డాడు.

అంబులెన్స్ వచ్చింది, వెనకే పోలీసులు. మోకాళ్ళ నిండా గాజు, ముక్కునిండా రక్తంతో ఒక ముసలావిడ, పెదవి చీలిన ఒక ఇంజనీరు, పగిలిన కారు. ఎవరు ఎవర్ని కొట్టారని పోలీసు అడిగితే వేణుమాధవ్ మామగారి వైపు చూపించాడు. అంబులెన్స్ మనిషి థర్మామీటరు పెట్టి చూసి, నూటఆరు దాటిందని, ఈ ప్యాకెట్లు ఎవరు పెట్టారో వాళ్ళని ఏమీ అనొద్దని పోలీసుకి చెప్పాడు. భావన మాత్రం ఆ సాయంత్రమంతా వణికిపోయింది, కేసు పెడతారేమోనని. వేణుమాధవ్ పెట్టలేదు.

భీమశంకర్ గారు బతుకుతాడో లేదో చాలా రోజులు ఎవరూ చెప్పలేకపోయారు. కిడ్నీలు మొరాయించాయి, డయాలిసిస్ పెట్టారు. మీనా హాస్పిటల్‌లోనే ఉండిపోయింది, భర్తతో మాట్లాడటం మానేసింది. టీచరు చేతికి ప్లాస్టర్ వేశారు, మెడ మీద ఆయన గోళ్ళ గాట్లు ఎండాయి. నేను ఆవిడని రోజూ తీసుకెళ్ళేదాన్ని. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఆయన ఛాతీ లేవడం పడటం చూస్తూ ఉండేది.

ఒక రోజు మేమున్నప్పుడే ఆయనకి పూర్తిగా తెలివొచ్చింది. మాట ఇంకా మందంగా ఉంది. మీనా ఏడుస్తూ చెయ్యి పట్టుకుంది. ఆయన కూతురి వైపు చూడలేదు, గది అంతా వెతికి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ అల్లుణ్ణి పట్టుకున్నాడు. సూదులు గుచ్చి ఉన్న రెండు చేతులూ కష్టపడి దగ్గరికి తెచ్చి దణ్ణం పెట్టాడు. "క్షమించండి అల్లుడుగారూ. కారు అద్దం పగిలిపోయిందంటగా, నా వల్ల."

వేణుమాధవ్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. అన్నపూర్ణ టీచరు లేచి బయటికెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. వరండా గోడని బాగున్న చేత్తో గుద్దుతోంది, కణుపులు చిట్లినా ఆపడంలేదు. నర్సు వస్తుంటే నేను అడ్డం నిలబడ్డాను. చివరికి ఆవిడ గోడకి తల ఆనించి అంది, "ఇంత చేసి ఏం లాభం సుమతీ. మళ్ళీ కూర్చోబెడితే మళ్ళీ అట్లనే కూర్చుంటడు. తలుపు తియ్యడు." ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు రావడం నేను చూసింది అదొక్కసారే. అది కోపమో బాధో నాకు తెలీదు, నాకూ ఏడుపొచ్చింది.

ఆయన ఇంటికొచ్చి, కర్ర సాయంతో పార్కుకి రావడం మొదలుపెట్టాక, ఆవిడ డ్రిల్లు పెట్టింది. ఆదివారం పొద్దున్నే, ఎండ రాకముందు, గుడి కల్యాణమండపం వెనక ఖాళీ లాట్‌లో. పెద్దవాళ్ళందర్నీ రప్పించింది. ఒక్కొక్కర్నే వాళ్ళ పిల్లల కార్లో కూర్చోబెట్టి, బయటినుంచి లాక్ చేయించి, విజిలు ఊదేది. లోపలివాళ్ళు తలుపు తీయాలి, అలారం మోగాలి. మళ్ళీ విజిలు ఊదేదాకా మోగుతూనే ఉండాలి. తలుపు రాకపోతే హారన్ నొక్కి పట్టుకోవాలి, చాలా కార్లకి ఇంజను ఆగినా హారన్ పనిచేస్తుంది. అదీ కాకపోతే అద్దం మూల మీద కొట్టాలి, నడిమధ్య కాదు, మొహం అటు తిప్పుకుని. నడిమధ్య కొడితే ఏమవుతుందో తన ప్లాస్టర్ చూపించేది. మొదట అందరూ సిగ్గుపడ్డారు. రవిశంకర్ వాళ్ళ అమ్మ అలారం మోగగానే చెవులు మూసుకుంటే, ఆవిడ చేతులు లాగేసింది. కాసేపటికి ఆ లాట్ అంతా ఒకటే మోత. చుట్టుపక్కల ఇళ్ళ కుక్కలన్నీ మొరుగుతున్నాయి.

భీమశంకర్ గారి వంతు వచ్చింది. వేణుమాధవే తీసుకొచ్చాడు. టీచరు ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఆ రాతి రోకలిబండ ఆయన ఒళ్ళో పెట్టింది. షాపువాళ్ళు దాన్ని ఆవిడకే ఇచ్చేశారు. వేణుమాధవ్ లాక్ నొక్కాడు. విజిలు మోగింది.

ఆయన కదల్లేదు. చేతులు మోకాళ్ళ మీదికి వెళ్ళాయి. అల్లుడి వైపు చూశాడు. తీయండి మామయ్యా అని అతను సైగ చేశాడు. చాలాసేపటికి ఆయన తలుపు గొళ్ళెం లాగాడు, అలారం అరిచింది. అంతే, వేణుమాధవ్ బొటనవేలు దానంతటది కదిలి కీ నొక్కింది. మోత ఆగిపోయింది. కావాలని చేశాడని నేను అనను, వేలికి అలవాటైపోయింది. భీమశంకర్ గారు వెంటనే తలుపు వేసేసుకుని, సారీ అండీ అన్నాడు.

టీచరు వేణుమాధవ్ దగ్గరికి నడిచింది. కొడుతుందని అందరం అనుకున్నాం. అతను కూడా మొహం పక్కకి తిప్పుకోలేదు. ఆవిడ కొట్టలేదు. అతని చేతిలో కీ లాక్కుని, లాక్ నొక్కి, దాన్ని గోడ పక్క గన్నేరు పొదల్లోకి విసిరేసింది. తర్వాత విజిలు నోట్లో పెట్టుకుని, ఊదకుండా, కారు ముందు నిలబడింది.

ఎండ అప్పుడే కారు మీదికి ఎక్కుతోంది. లోపల ఆయన ఒక్కడే. అల్లుడి చేతుల వైపు చూశాడు, అవి ఖాళీగా ఉన్నాయి. గొళ్ళెం వైపు చూశాడు. గొళ్ళెం లాగితే సరిపోయేది. ఆయన లాగలేదు. ఒళ్ళో బండ రెండు చేతులతో ఎత్తాడు.

మొదటి దెబ్బ బలం లేక జారిపోయింది. రెండో దెబ్బకి కారు ఊగింది. ఆయన నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు, మాకు వినపడలేదు. ఆ అరుపు ఆ ఒక్క శనివారం గురించి కాదని మాత్రం నాకు తెలిసింది. మొహం అటు తిప్పుకుని, మూల చూసి, మూడోసారి కొట్టాడు. ఆయన పక్క అద్దం మొత్తం జల్లున కిందికి రాలింది. అప్పుడు, తలుపు తీయడానికి ఏ అడ్డూ లేనివాడిలా గొళ్ళెం లాగి, తలుపు తీసి, అలారం అరుస్తుండగా కిందికి దిగాడు. పంచె మీద గాజు పలుకులు. చేతిలో బండ అలాగే ఉంది. వేణుమాధవ్ ఎదురొచ్చి చెయ్యి అందించబోతే పట్టుకోలేదు.

"అద్దం మళ్ళీ వేయించుకోండి అల్లుడుగారూ," అన్నాడు.

వేణుమాధవ్ సరే మామయ్యా అన్నాడు. ఆపమని విజిలు ఊదాల్సిన అన్నపూర్ణ టీచరు ఊదలేదు. కీ కోసం పొదల దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. అలారం మోగుతూనే ఉంది.